వైరసు జ్వరములలో స్టెరాయిడు మందు

2021 ఏప్రిల్ 9వ తేదీ సాయంకాలము ఆరు గంటలకు రాయపూరు జిల్లాలో రాకపోకలు నిలిపివేయబడినవి. కోవిడ్ వ్యాధి రెండవ పర్యాయము విజృంభించిన దినములవి. ఆసుపత్రులలో మంచము దొరకుట దుర్లభమైనది. సమీపముననున్న భిలాయి ఉక్కు కర్మాగారములో తయారగు ఆక్సిజను ఎన్నడు లేనంత విలువైన వస్తువైనది. రోగులలో అధికసంఖ్యాకులు ఇంటియందే ఉండి చికిత్స పొందవలసివచ్చినది. అట్టి సమయములో ఒకరికి వ్రాసిన మందుల చీటి మరియొకరి చేతికి చేరుటయు, ఒకే మందుల పట్టిక ఫోనునుండి ఫోనునకు తిరుగుటయు దేశమంతట జరిగినది. ఆ పట్టికలలో తరచుగా కనబడిన చిన్న మాత్ర ఒకటి కలదు. దాని వెల మిక్కిలి స్వల్పము. దాని జాతి పేరు స్టెరాయిడు.

ఆ వేసవిలో ఎందరి ప్రాణములనో నిలబెట్టిన మందు అదియే. కొలది వారములకే కొందరి కంటిచూపును, దవడ యెముకను హరించిన వేరొక వ్యాధికి త్రోవ చూపిన మందు కూడ అదియే. ఇందులో మాయ ఏమియు లేదు. ఈ మందు దేహములో చేయు పని ఒక్కటే. ఆ పని ఏ దినమున, ఎట్టి స్థితిలోనున్న రోగియందు జరుగుచున్నది అను దానినిబట్టి ఫలము మారును. కోవిడ్ ఉద్ధృతి నేడు తగ్గినను, వైరసు జ్వరములు ఏటేట వచ్చుచునే యున్నవి, మందుల దుకాణములలో ఆ మాత్రయు ఉన్నది. కనుక ఈ సంగతి ప్రతి కుటుంబమునకును తెలిసియుండుట అవసరము.

దేహములోనే పుట్టు పదార్థము

మన మూత్రపిండములు రెండింటి మీదను టోపీలవలె అమరియున్న చిన్న గ్రంథులు కలవు. వానిని అధివృక్క గ్రంథులందురు. వానినుండి కార్టిసాల్ అను రసము అహోరాత్రములు రక్తములోనికి స్రవించుచుండును. వేకువజామున అది హెచ్చుగాను, రాత్రి వేళ స్వల్పముగాను ఉండును. రక్తపు ఒత్తిడి పడిపోకుండుటకును, ఉపవాస సమయమున రక్తములో చక్కెర తరిగిపోకుండుటకును, గాయముచేతగాని వ్యాధిచేతగాని కలిగిన వాపు మితిమీరకుండుటకును ఈ రసమే ఆధారము. తీవ్రమైన జబ్బు చేసినపుడు ఈ గ్రంథులు తమంతట తామే ఉత్పత్తిని కొన్ని రెట్లు పెంచును. అనగా స్టెరాయిడు మనకు పరాయి వస్తువు కాదు.

దీనిని మందుగా ఉపయోగించుట 1948 సెప్టెంబరులో ప్రారంభమైనది. అమెరికాలోని మేయో వైద్యాలయమున ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతముతో మంచము పట్టిన ఒక రోగికి ఈ జాతి పదార్థమును సూదిమందుగా ఇచ్చినపుడు, కొద్ది దినములలోనే ఆ రోగి లేచి నడువగలిగెను. ఈ పరిశోధనకు హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అను ముగ్గురికి 1950లో నోబెల్ బహుమానము లభించినది. అదే దశాబ్దము ముగియులోపల ప్రెడ్నిసొలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ అను మరింత శక్తిగల మందులు తయారైనవి. మన దేహము సాధారణముగా రోజునకు 10 మొదలు 20 మిల్లీగ్రాముల కార్టిసాల్‌ను ఉత్పత్తి చేయును. ఆరు మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ సుమారు 150 మిల్లీగ్రాముల కార్టిసాల్‌తో సమానము. చూచుటకు ఆవగింజంత మాత్రయే యైనను, దేహమునకు అది ఒక వారమునకు మించిన సహజోత్పత్తిని ఒక్క దినమున పోయుటవంటిది.

వైరసు ఒక వారము, వాపు మరియొక వారము

కోవిడ్ వంటి వైరసు వ్యాధి ముదిరినపుడు రెండు ఘట్టములు కనబడును. మొదటి ఘట్టమున వైరసు గొంతులోను, శ్వాసనాళములలోను ప్రవేశించి, అచటి కణములలో దూరి తన సంతతిని పెంచుకొనును. జ్వరము, ఒళ్లునొప్పులు, దగ్గు అప్పటి లక్షణములు. దేహపు రక్షకదళములు ఈ దశలో వైరసును గుర్తుపట్టి, సోకిన కణములను నాశనము చేయుచుండును. నూటికి ఎనుబదిమందికి పైగా రోగులలో యుద్ధము ఇచటితోనే ముగిసినది.

కొందరిలో మాత్రము రెండవ వారము సమీపించునప్పటికి వైరసు తగ్గుముఖము పట్టినను రక్షకదళముల ఉద్రేకము తగ్గదు. ఇంటిలో దొంగ ప్రవేశించెనని విని ఊరివారు కర్రలతో వచ్చి, దొంగ పారిపోయిన పిదప కూడ తలుపులు, అటకలు విరుగగొట్టుచున్నట్లుండును ఆ స్థితి. ఊపిరితిత్తులలో ముప్పది కోట్లకు తక్కువ కాని సన్నని గాలి తిత్తులు కలవు. వాని గోడలు మిక్కిలి పలుచన. ఆ గోడలు వాచి, రక్తములోని నీరు తిత్తులలోనికి ఊరుచుండును. గాలి ఉండవలసిన తావున నీరు చేరినందున ప్రాణవాయువు రక్తములోనికి చేరజాలదు. రోగి ఎగశ్వాస తీయును, లేదా కొన్ని సందర్భములలో ఆయాసమేమియు తోచకయే రక్తములో ఆక్సిజను పడిపోవును. ఈ దశలో ప్రాణమునకు ముప్పు కలిగించునది ముఖ్యముగా దేహపు సొంత వాపే.

స్టెరాయిడు పనిచేయునది ఇచటనే. ఆ మందు రక్తముద్వారా కణములోనికి చొచ్చి, తనను పట్టుకొను గ్రాహకముతో కలిసి, కణకేంద్రములోనికి చేరును. వాపును రగిల్చు రసాయనములను తయారుచేయుమని అచటినుండి వెలువడు ఆజ్ఞలను అది అణచివేయును. అందుచేత రక్తనాళముల గోడలు బిగిసి, నీరు ఊరుట తగ్గును. పోరాడు కణములలో కొన్ని వర్గములు రక్తమునుండి తొలగును. ఇదంతయు ఒక దినములో జరుగు పని కాదు, ఆజ్ఞలు మారి ఫలితము కనబడుటకు గంటలు, దినములు పట్టును.

ఒక విషయము గట్టిగా చెప్పవలసియున్నది. స్టెరాయిడు వైరసును చంపదు. దానికి వైరసుతో నిమిత్తమే లేదు. ఊరివారి చేతులలోని కర్రలను లాగివేయుట మాత్రమే దాని పని. దొంగ ఇంకను ఇంటిలోనే ఉండగా కర్రలు లాగివేసినచో లాభము ఎవరికో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో జరిగిన పరీక్ష

ఇది కేవలము ఊహ కాదనుటకు గట్టి ఆధారము 2020 జూన్ 16న వెలువడినది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు నడిపిన రికవరీ అను పరీక్షలో ఆసుపత్రిలో చేరిన 2,104 మంది రోగులకు రోజునకు ఆరు మిల్లీగ్రాముల చొప్పున, పది దినములకు మించకుండ డెక్సామెథసోన్ ఇచ్చిరి. మరి 4,321 మందికి ఆ మందు లేకుండ మామూలు చికిత్స చేసిరి. ఎవరికి మందు ఇవ్వవలెనన్నది చీట్లు తీసినట్లు నిర్ణయించుటచేత రెండు వర్గములును సరితూగినవి.

కృత్రిమ శ్వాసయంత్రముపై ఉన్నవారిలో, మందు లేనివారు నూటికి 41 మంది ఇరువదియెనిమిది దినములలో మరణింపగా, మందు పొందినవారిలో 29 మంది మాత్రమే మరణించిరి. యంత్రము లేక ఆక్సిజను మాత్రము పొందుచున్నవారిలో ఈ సంఖ్య నూటికి 26 నుండి 23కు తగ్గెను. ఆక్సిజను అవసరమే లేనివారి సంగతి వేరు. వారిలో మందు లేనివారు నూటికి 14 మంది మరణింపగా, మందు పొందినవారిలో దాదాపు 18 మంది మరణించిరి. ఈ చివరి వ్యత్యాసము యాదృచ్ఛికము కావచ్చునని పరిశోధకులు జాగ్రత్తగా పలికిరి. అట్లైనను ఆ వర్గమునకు మేలు జరిగినట్లు ఎచటను కనబడలేదు, కీడు జరుగలేదని చెప్పుటకును వీలులేదు. వ్యాధి లక్షణములు మొదలై ఏడు దినములు దాటినవారికే మందు ఎక్కువగా ఉపకరించినది.

ఇంత చవకైన పాత మందు ఇంత పని చేయుట వైద్యలోకమును ఆశ్చర్యపరచినది. భారత ప్రభుత్వ ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 జూన్ 27న తన చికిత్సావిధానములో దీనిని చేర్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సెప్టెంబరు 2న, తీవ్రవ్యాధి గలవారికి ఇవ్వవలెననియు, తీవ్రత లేనివారికి ఇవ్వరాదనియు సలహా ఇచ్చినది. ఈ సలహాలోని మొదటి సగము వెంటనే ఊరూర ప్రాకినది. రెండవ సగము అంతగా ప్రాకలేదు.

జ్వరము దిగుట అను మోసము

తొలివారములోనే స్టెరాయిడు తీసికొన్న రోగికి ఏమగును? జ్వరము ఒక్క పూటలో దిగును. ఒళ్లునొప్పులు పోవును, ఆకలి పుట్టును. రోగియు, బంధువులును సంతోషింతురు, మందు ఇచ్చినవారికి మంచిపేరు వచ్చును. జ్వరము అనునది దేహము పోరాడుచున్నదని తెలుపు గంట. ఆ గంట మ్రోగుట ఆగినదేగాని, లోపల వైరసు సంతతి పెరుగుట ఆగలేదు. అడ్డు చెప్పువారు తగ్గినందున అది మరింత దినములు నిలువవచ్చును. 2003లో వచ్చిన సార్స్ వ్యాధిలోను, తరువాతి మెర్స్ వ్యాధిలోను స్టెరాయిడు వాడినవారి దేహమునుండి వైరసు తొలగుటకు ఆలస్యమైనట్లు పరిశోధనలు తెలిపినవి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు అప్పటి సంచాలకులైన డాక్టరు రణదీప్ గులేరియా 2021 మే 3న పత్రికలవారితో మాటలాడుచు, తొలి దినములలో స్టెరాయిడు వాడినచో వైరసు వృద్ధి హెచ్చునని హెచ్చరించిరి. ఆనాటికి ఎన్నో ఇండ్లలో ఆ మాత్రల పట్టీలు సగము ఖాళీ యైయున్నవి.

రక్తములో చక్కెర, ముక్కులో బూజు

మందు పుచ్చుకొన్న కొద్ది గంటలలోనే కాలేయము చక్కెరను హెచ్చుగా విడువనారంభించును. కండరములు దానిని గ్రహించుట తగ్గును. మధుమేహము ఉన్నవారిలో రక్తపు చక్కెర ఒక్కసారిగా పైకి పోవును. మధుమేహము ఉన్నదని అంతవరకు తెలియనివారిలో అది బయటపడును. ఉదయము పరగడుపున చేయు పరీక్ష ఒక్కటే ఇట్టివారికి చాలదు. మధ్యాహ్నమును, రాత్రియు భోజనము చేసిన పిదప చూచినపుడే అసలు సంగతి తెలియును.

మట్టిలోను, కుళ్లిన ఆకులలోను, గాలిలోను మ్యూకర్ జాతి బూజు విత్తనములు ఎల్లప్పుడు ఉండును. మనమందరము వానిని పీల్చుచునే యున్నాము. ఆరోగ్యవంతుని తెల్లరక్తకణములు వానిని మొలకెత్తనీయవు. చక్కెర హెచ్చిన రక్తము, స్టెరాయిడుచేత మందగించిన కణములు, కోవిడ్‌చేత దెబ్బతిన్న రక్తనాళములు, ఈ మూడును ఒకచోట కలిసినపుడు ఆ బూజు ముక్కులోనే వేరూనును. అది రక్తనాళములలో చొరబడి వానిని మూసివేయును. నెత్తురు అందని భాగము చచ్చి నల్లబడును. జనులు బ్లాక్ ఫంగస్ అని పిలిచినది దీనినే. ముక్కునుండి దవడకు, కంటికి, ఆపైన మెదడునకు అది దినముల వ్యవధిలో ప్రాకగలదు.

రాయపూరులోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఇట్టి రోగులు 2021 మే మాసములో చేరజొచ్చిరి. ఆ సంస్థకు అప్పటి సంచాలకులైన డాక్టరు నితిన్ నాగర్కర్ స్వయముగా చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యులు. ఇట్టి వ్యాధిలో చచ్చిన భాగమును కోసి తొలగింపవలసినవారు ఆ శాఖవారే. దానితోపాటు యాంఫోటెరిసిన్ అను మందును వారముల తరబడి నరములోనికి ఎక్కింపవలెను. ఆ మందుకు దేశమంతట కొరత ఏర్పడినది. మే 20న కేంద్ర ప్రభుత్వము ఈ వ్యాధిని 1897 నాటి అంటువ్యాధుల చట్టము క్రింద ప్రకటింపుడని రాష్ట్రములను కోరినది. హైదరాబాదులో కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఈ రోగులకు ముఖ్యకేంద్రమైనది. జూన్ 28 నాటికి దేశములో 40,845 మందికి వ్యాధి సోకగా, 3,129 మంది మరణించిరని కేంద్ర ఆరోగ్యమంత్రి తెలిపిరి. వ్యాధిగ్రస్తులలో నూటికి 85 మందికి కోవిడ్ వచ్చియున్నది, 64 మందికి మధుమేహము ఉన్నది, స్టెరాయిడు వాడినవారు 53 మంది.

ఈ సంఖ్యలను జాగ్రత్తగా చదువవలెను. సగమునకు దాపుగా ఉన్నవారు స్టెరాయిడు వాడనివారే. కనుక దోషమంతయు మందుపై మోపుట న్యాయము కాదు. చూడని చక్కెర, మోతాదు మించిన మందు, ఒకటిగా కలిసినపుడు అపాయము హెచ్చినదని చెప్పుట సత్యమునకు దగ్గరగా ఉండును.

రాయపూరు ప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పవలసినది మరియొకటి కలదు. ఛత్తీస్‌గఢ్‌లో కొడవలి కణ రక్తహీనత, అనగా సికిల్ సెల్ వ్యాధి, కొన్ని కులములలోను గిరిజనులలోను విరివిగా ఉన్నది. దానికొరకే రాయపూరులో ఒక సంస్థ పనిచేయుచున్నది. ఈ వ్యాధి గలవారికి స్టెరాయిడు ఇచ్చినపుడు, ముఖ్యముగా మందు ఆపిన తరువాత, ఎముకలలో భరింపరాని నొప్పులు తిరుగబెట్టవచ్చును. తుంటి యెముక తల నెత్తురు అందక చితికిపోవుట వీరిలో అసలే ఎక్కువ, స్టెరాయిడు దానిని ఇంకను హెచ్చించును. సార్స్ కాలమున పెద్ద మోతాదులు పొందిన చైనా రోగులలో ఎందరో ఈ తుంటి నొప్పితోనే నెలల తరువాత వైద్యులను ఆశ్రయించిరి. కనుక ఇంటిలో ఎవరికైన సికిల్ సెల్ ఉన్నచో ఆ మాట వైద్యునికి ముందుగా చెప్పవలెను.

ఇతర వైరసు వ్యాధుల మాట

కోవిడ్‌లో ఉపకరించినది కదా అని ప్రతి వైరసు జ్వరమునకు ఈ మాత్ర మ్రింగుట తగదు. డెంగ్యూ జ్వరములో స్టెరాయిడు మేలు చేసినట్లు రుజువు లేదు. ఇన్‌ఫ్లుయెంజాలో వాడినవారికి మరణములు హెచ్చుగా కనబడినందున వైద్యులు ఆ వ్యాధికొరకు దానిని మామూలుగా వాడరు. మనవారు ఆటలమ్మ అని పిలుచు వ్యాధి, స్టెరాయిడు మ్రింగుచున్నవారికి సోకినచో ప్రాణాపాయకరము కాగలదు. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణము కూడ ఉన్నది. పసిపిల్లలకు వైరసుచేత గొంతు వాచి, కుక్క మొరిగినట్లు దగ్గు వచ్చునపుడు ఒకే ఒక మోతాదు డెక్సామెథసోన్ ఎంతో సుఖము కలిగించును. అచటను అది వైరసును కాక వాపునే అణచుచున్నది.

ఇంటిలోని వారు చూడవలసినవి

విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ దారిన వచ్చి ఈ నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. వైద్యుని మాట హిందీలో, మందుల చీటి ఆంగ్లములో, ఇంటి పెద్దల భాష తెలుగులో ఉన్నపుడు పొరపాటునకు అవకాశము హెచ్చు. మాత్రల పట్టీపై వ్యాపారనామము ఉండును. దాని దగ్గర మందు అసలు పేరు కూడ ఉండును. ఆ పేరు డెక్సామెథసోన్ గాని, ప్రెడ్నిసొలోన్ గాని, మిథైల్ ప్రెడ్నిసొలోన్ గాని ఐనచో అది స్టెరాయిడు. వైద్యుని చీటి లేనిదే దీనిని అమ్మరాదని చట్టము. ఎన్ని దినములు, ఏ వేళ, ఏ దినమున ఆపవలెను అను మూడు ప్రశ్నలకు సమాధానమును చీటి మీదనే వ్రాయించుకొనుడు.

వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు ఇంటనున్నచో జ్వరము వచ్చిన రోగికి రోజునకు మూడు నాలుగు పర్యాయములు చూడుడు. సంఖ్య 94కు దిగువన నిలిచినచో ఆసుపత్రికి పోవలెను. బాగుగా కనబడు రోగి గదిలోనే ఆరు నిమిషములు నడచిన పిదప సంఖ్య మూడు నాలుగు అంకెలు పడిపోయినను అదియే మార్గము. ఆయాసముతో ఉన్నవారిని మాత్రము నడిపింపరాదు. జ్వరము ఉన్నదా లేదా అనుదానికంటె ఈ సంఖ్యయే స్టెరాయిడు అవసరమును తెలుపునది.

నల్ల బూజు భయముచేత, ఆక్సిజనుపై ఉన్న తమవారికి స్టెరాయిడు వలదని ఆసుపత్రిలో పట్టుబట్టుట కూడ తగదు. పైన చెప్పిన పరీక్షలో బ్రదికినవారు అట్టి రోగులే. అచట అడుగవలసినది మందు మానుమని కాదు, చక్కెర రోజునకు ఎన్నిసార్లు చూచుచున్నారని. రక్తపరీక్షలో తెల్లకణముల సంఖ్య పెరిగినదని వినినపుడు వెంటనే బెదరిపోవలదు, స్టెరాయిడు వలననే అట్లు కనబడవచ్చును. నిద్ర పట్టకపోవుట, చిరాకు, కడుపులో మంట, తొడలలో నీరసము కూడ ఈ మందుతో కలుగవచ్చును. అవి వైద్యునికి చెప్పదగినవే.

ఇంటికి వచ్చిన తరువాత ఆరు వారములవరకు ముఖమును కనిపెట్టియుండవలెను. ఒకవైపు ముక్కు మూసుకొనిపోవుట, నల్లని లేక నెత్తుటి చీమిడి, ఒక బుగ్గ మొద్దుబారుట, పై పండ్లు కదలుట, ఒక కన్ను వాచుట, వస్తువులు రెండుగా కనబడుట, వీనిలో ఏది తోచినను ఆ దినమే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను. మరునాటివరకు ఆగరాదు.

మందు ఆపుట గురించి ఒక మాట. ఉబ్బసమునకో, కీళ్లవాతమునకో, మూత్రపిండ వ్యాధికో నెలల తరబడి స్టెరాయిడు మాత్రలు వాడుచున్నవారు వైరసు జ్వరము వచ్చినదని భయపడి వానిని ఒక్కసారిగా మానరాదు. బయటినుండి మందు వచ్చుచున్నంతకాలము వారి అధివృక్క గ్రంథులు పని మాని నిద్రించుచుండును. అవి మేల్కొనుటకు వారములు, నెలలు పట్టును. హఠాత్తుగా మానినచో రక్తపు ఒత్తిడి పడిపోయి, వాంతులు, సొమ్మ కలిగి ప్రాణము మీదికి రావచ్చును. జబ్బు దినములలో ఇట్టివారికి మోతాదు కొంత పెంపవలసిన అవసరము కూడ కలుగును. కోవిడ్‌కొరకు పది దినములలోపు వాడినవారు వైద్యుడు చెప్పిన దినమున ఆపినచో సాధారణముగా చిక్కు రాదు. మూడు వారములు దాటినవారు మాత్రము క్రమముగా తగ్గించుకొనుచు రావలెను. ఎంత చొప్పున తగ్గింపవలెనో ఆసుపత్రినుండి వెడలునపుడు ఇచ్చు కాగితములో ఉండును. లేనిచో అచటనే అడిగి వ్రాయించుకొనుడు.